ముందు ప్యాకెట్ చించడం నేర్పు

ప్రశ్న: "అయ్యా, మాది పలమనేరు దగ్గర పల్లె. పదాతి దళంలో 14 ఏళ్ళుగా ఉన్నాను, ఇప్పుడు హవల్దార్‌ని. గంగజాతరకని 20 రోజుల సెలవు మీద ఇంటికొచ్చాను. తిరిగి వెళ్ళగానే మా ప్లటూన్‌లోని 30 మందికి యుద్ధభూమి ప్రథమ చికిత్స నేర్పాలని కంపెనీ కమాండర్ సాబ్ చెప్పి పంపారు. నాలుగేళ్ళ కిందట బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసి ఉన్నానని నన్ను ఎంచారు. నేను చదివింది ఇంటర్ ఆర్ట్స్. కుర్రాళ్ళకూ డాక్టరీ వాసన లేదు. పోయినసారి గంటన్నర క్లాసు చెప్తే అందరూ తలలూపారు, వారం తర్వాత అడిగితే ఒక్కడికీ గుర్తు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలెయ్యాలి? టార్నికెట్ (నెత్తురు ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) కడితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని పాతవాళ్ళు భయపెడుతున్నారు, నిజమా? ఇంకొకటి, మావాళ్ళలో ఒకడు రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. వాణ్ణి ఏం చెయ్యాలి?"

ఒక హవల్దార్, చిత్తూరు జిల్లా

జవాబు:

నాయనా,

తిరుపతిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం నేర్పాలి అని అందరూ అడుగుతారు. ఏది వదిలెయ్యాలి అని అడిగినవాడివి నువ్వొక్కడివే. ఆ ప్రశ్న నాకు సర్వీసులో చేరిన పన్నెండేళ్ళకు గానీ తట్టలేదు, అదీ ఒక దెబ్బ తగిలాక.

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఒక పటాలానికి నేనే ఉస్తాదుని. తెలిసిందంతా చెప్పెయ్యాలని తెగ ఉబలాటం. నల్లబల్ల మీద గుండె బొమ్మ గీసి, ఎర్ర సుద్దతో ధమనులు, నీలం సుద్దతో సిరలు వేసి రెండు గంటలు దంచేవాణ్ణి. ఒక కుర్రాడు తొడలోని పెద్ద ధమని పేరు ఇంగ్లీషులో గడగడా చెప్పేవాడు. వాణ్ణి చూసుకుని నాకు మహా గర్వం. ఆ నెలలోనే కొండదారిలో మా బండి ఒకటి ఒరిగిపోయింది. రేకు కోసుకుని ఒక జవాను తొడ నుంచి నెత్తురు చిమ్ముతోంది. అందరికన్నా ముందు చేరింది నా ఫస్టు ర్యాంకు శిష్యుడే. జేబులోంచి ఫీల్డ్ డ్రెస్సింగ్, అంటే గాయానికి కట్టే కట్టు ప్యాకెట్, తీశాడు. ప్యాకెట్ చిరగలేదు. చేతులు తడి, వేళ్ళు వణుకు, ఏ పక్క చించాలో తెలీక పళ్ళతో పీకుతున్నాడు. క్లాసులో ఒక్కరోజైనా వాడిచేత నేను ప్యాకెట్ చింపించి ఉంటే కదా! సామాను లెక్క తప్పుతుందని దూరం నుంచి చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేసేవాణ్ణి. ఇంతలో, రోజూ వెనక కూర్చుని కునికే ఇంకొకడు వచ్చి గాయపడ్డవాడి గజ్జల్లో మోకాలు ఆనించి, ఒళ్ళు బరువంతా వేసి కూర్చున్నాడు. మనిషిని నిలబెట్టింది ఆ మోకాలే. ఎట్లా తోచిందిరా అని తర్వాత అడిగితే, "మా చేన్లో పైపు పగిలితే కాలేసి తొక్కి పడతాం సార్, అంతే" అన్నాడు.

కాబట్టి నీ మొదటి క్లాసు ప్యాకెట్ చించడం. నవ్వకు. గడువు తీరిన డ్రెస్సింగులు మీ పటాలం డాక్టరు ఆర్‌ఎంవో సాబ్‌ని అడిగి తీసుకో. ఒక్కొక్కడూ పొడి చేత్తో రెండు, తడి చేత్తో రెండు, కళ్ళు మూసుకుని ఒకటి చించాలి. ఆ రోజుకు ఇంకేం చెప్పకపోయినా నష్టం లేదు. ఆర్‌ఎంవో మాట ఎట్లాగూ వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను: నేను రాసేదంతా ముందు ఆయనకూ మీ నర్సింగ్ అసిస్టెంట్‌కూ చూపించు. మీ పటాలంలో ఏ కిట్ ఇస్తున్నారో వాళ్ళకు తెలుసు. నేను సర్వీసు నుంచి దిగిపోయిన మనిషిని.

ఇక ఏది నేర్పాలి అన్నదానికి జవాబు చావుల లెక్కలోనే ఉంది. వియత్నాం యుద్ధంలో ఒక్క చేతులు, కాళ్ళ గాయాల నుంచి నెత్తురు కారిపోయి చనిపోయిన అమెరికన్ సైనికులు 2,500 మందికి పైనే అని వాళ్ళ అంచనా. అంటే కట్టు సరిగ్గా పడి ఉంటే ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు. తర్వాత 2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో పోయిన 4,596 మంది వివరాలు వాళ్ళ సైనిక వైద్యులు ఒక్కొక్కటీ తిరగేశారు. ప్రతి వందమందిలో 87 మంది సర్జన్ చేతికి అందకముందే పోయారు. అట్లా ముందే పోయినవాళ్ళలో సుమారు నాలుగోవంతు మంది బతికే అవకాశం ఉన్నవాళ్ళు. ఆ నాలుగోవంతులో నూటికి 91 మందిని చంపింది రక్తస్రావం. ఊపిరిదారి మూసుకుపోయి పోయినవాళ్ళు నూటికి 8 మంది. మిగతా కారణాలన్నీ కలిపినా నూటికి ఒకటే. నీ టైంటేబుల్ ఎట్లా పంచుకోవాలో ఈ అంకెలే చెప్తున్నాయి. పది క్లాసులుంటే ఏడెనిమిది నెత్తురు ఆపడానికే పెట్టు. ఎముకలు విరిగితే బద్దలు కట్టడం, తలకు రకరకాల కట్లు, త్రికోణపు గుడ్డతో పద్దెనిమిది విన్యాసాలు స్కౌట్ పిల్లలకు బాగుంటాయి. నీకున్న వ్యవధిలో వాటికి చోటు లేదు.

అన్నట్టు ఆ త్రికోణపు గుడ్డను నేను తీసిపారెయ్యడం లేదు. ఎస్మార్క్ అనే జర్మన్ సైనిక సర్జన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, ఎట్లా కట్టాలో బొమ్మలు ఆ గుడ్డ మీదే అచ్చు వేయించాడు. డాక్టరీ రాని సిపాయి చేతికి అందేటట్టు పాఠాన్ని సామాను మీదే పెట్టాడు చూడు, అదీ ఉస్తాదు బుర్ర. నూటయాభై ఏళ్ళు దాటినా నాకు ఆయన మీద అసూయే.

నెత్తురు ఆపడం ఎందుకంత తొందరో కుర్రాళ్ళకు మాటల్లో చెప్పకు, చూపించు. 70 కిలోల మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు. మన పల్లెల్లో పాలకేంద్రానికి తీసుకెళ్ళే 5 లీటర్ల క్యాను ఒకటి తెచ్చి ముందు పెట్టు. అందులో గంజి పలచగా కాచి, చల్లార్చి, ఎర్ర రంగు కలిపి పొయ్యి. ఒక లీటరు తీసి గచ్చు మీద వొంపు. ఇంకో లీటరు మట్టి మీద వొంపు. గచ్చు మీద పోసింది చెరువంత కనిపిస్తుంది, మట్టి మీద పోసింది ఇంకిపోయి గుప్పెడంత తడిగా కనిపిస్తుంది. యూనిఫారం పీల్చుకుంటే అసలు కనపడనే కనపడదు. "రెండు లీటర్లు పోయాయి, ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కడు" అను. తొడ ధమని తెగితే ఆ రెండు లీటర్లు పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. పటాలం వైద్యకేంద్రం, అదే రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్ నుంచి ఎవరో పరుగెత్తుకొస్తారని ఎదురుచూసే వ్యవధి లేదని అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది.

టార్నికెట్ సంగతి. నీ భయం చాలామందికి ఉంది. అది ఊరికే పుట్టలేదు కూడా. పాతకాలంలో తాళ్ళు, సన్నటి వైర్లు, చాలీచాలని బెల్టులు కట్టేవాళ్ళు, ఆపైన గాయపడ్డవాడు కొండలు, వాగులు దాటి సర్జన్ దగ్గరికి చేరేసరికి రోజు గడిచిపోయేది. కాళ్ళు పోయాయి, నిజమే. ఇప్పటి సంగతి విను. బాగ్దాద్‌లోని అమెరికన్ సైనిక ఆసుపత్రిలో టార్నికెట్ కట్టి వచ్చిన 232 మందిని వరసగా గమనించారు. టార్నికెట్ కట్టినందువల్ల కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. షాక్‌లోకి, అంటే నెత్తురు పోయి నాడి పడిపోయే స్థితిలోకి, జారకముందే కట్టినవాళ్ళలో నూటికి 90 మంది బతికారు. జారాక కట్టినవాళ్ళలో బతికింది నూటికి 10 మంది. ఎముకల ఆపరేషన్లలో డాక్టర్లే గంటన్నర, రెండు గంటలు కాలికి రక్తం ఆపేసి పని చేసుకుంటారు. రెండు గంటల లోపు విప్పగలిగితే కాలుకు పెద్దగా ప్రమాదం ఉండదని లెక్క. విప్పడం, మార్చడం మాత్రం మెడికల్ వాళ్ళ పని, మనది కాదు. అందుకే కట్టిన టైము దాని మీద రాయాలి. పెన్ను దొరక్కపోతే నుదుటి మీద నెత్తుటితో రాసినా సరే.

కుర్రాళ్ళకు ఇది చెప్పేటప్పుడు మన చిత్తూరోళ్ళకు తెలిసిన ఉపమానం ఒకటుంది. చేన్లో పైపు పగిలితే ముందు ఏం చేస్తాం? పగులు దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి బిగిస్తాం. ఆగకపోతే బోరు వైపు ఉన్న గేట్ వాల్వు కట్టేస్తాం. గాయాన్ని ఒత్తి పట్టడం ట్యూబు చుట్టడం లాంటిది, టార్నికెట్ గేట్ వాల్వు. వాల్వు ఎప్పుడూ పగులుకూ బోరుకూ మధ్యనే ఉండాలి కాబట్టి టార్నికెట్ గాయానికీ గుండెకూ మధ్యన పడాలి. ఒకటి చాలకపోతే దాని పక్కనే పైవైపు ఇంకొకటి. మోకాలి మీదా మోచేతి మీదా పడకూడదు, అక్కడ కీలు ఎముకల చాటున రక్తనాళం దాక్కుంటుంది, వాల్వు మూసుకోదు. జేబులో ఫోనో తూటాల మ్యాగజీనో ఉంటే తీసేసి కట్టాలి.

ఈ ఉపమానంతో పాటు ఒక జాగ్రత్త. మన పల్లెల నుంచి వచ్చినవాళ్ళ బుర్రలో ఇంకో కట్టు ముందే కూర్చుని ఉంటుంది, పాము కరిస్తే బిగించే కట్టు. "ఓహో, అదే కదా సార్" అంటారు. కాదని ఆ క్షణంలోనే ఖండించు. పాముకాటుకు తాడు బిగించి కట్టడం మంచికన్నా చెడే ఎక్కువ చేస్తుంది. అక్కడ కావాల్సింది అవయవం కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవడం. పాముకాటు కట్టు అలవాటున్నవాడికి ఇంకో చెడ్డ అలవాటూ ఉంటుంది, పావుగంటకోసారి కాస్త వదులు చెయ్యడం. కాలికి రక్తం అందాలని వాడి జాలి. వదులు చేసిన ప్రతిసారీ ఒక గ్లాసెడు నెత్తురు పోతుంది, మనిషి తెలీకుండా జారిపోతాడు. కట్టినది కట్టినట్టే ఉండాలి.

నొప్పి సంగతి ముందే చెప్పు. సరిగ్గా బిగించిన టార్నికెట్ భరించలేనంత నొప్పి పెడుతుంది. గాయపడ్డవాడు తిడతాడు, ఏడుస్తాడు, విప్పరా అని బతిమాలతాడు. ఈ మాట ముందే వినకపోతే కట్టినవాడు తప్పు చేశానేమోనని వదులు చేసేస్తాడు. అందుకే ప్రాక్టీసులో ఒకరి కాలికి ఒకరు నిజంగా బిగించుకోవాలి, పాదం మీద నాడి ఆగేదాకా. ఆగగానే విప్పెయ్యాలి, నిమిషానికి మించి ఉంచకూడదు. కాళ్ళలో రక్తం గడ్డలు, పాత ఆపరేషన్లు ఉన్నవాళ్ళను ఇందులోంచి తప్పించు. ప్రాక్టీసు టార్నికెట్లకు రంగు గుడ్డ కట్టి వేరుగా ఉంచు. పదేపదే బిగించినవి అరిగిపోతాయి, యుద్ధం కిట్‌లోకి అవి వెళ్ళకూడదు. అసలు టార్నికెట్ లేనప్పుడు రెండంగుళాల వెడల్పు గుడ్డ, ఒక గట్టి పుల్ల పెట్టి మెలిపెట్టడం కూడా చూపించు. బూటు లేసూ కొబ్బరితాడూ కండను కోస్తాయి గానీ నెత్తురు ఆపవు.

ఇంతవరకు చెప్పిందంతా గాయం గురించి. తూటాలు వస్తున్నప్పుడు మొదటి చికిత్స మాత్రం తుపాకీయే. ఇది విని మెడికల్ వాళ్ళే మొదట్లో నొచ్చుకున్నారు. ఆసుపత్రి వరండాలో నేర్చుకున్న ప్రథమ చికిత్స యుద్ధంలో మనుషుల్ని చంపుతోందని గమనించి, 1996లో కొందరు అమెరికన్ సైనిక వైద్యులు పద్ధతి మొత్తం తిరగరాశారు. శత్రువు కాలుస్తున్నప్పుడు ఒకటి, అడ్డు దొరికాక ఒకటి, తరలించేటప్పుడు ఒకటి, ఇట్లా మూడు ఘట్టాలుగా విడగొట్టారు. మొదటి ఘట్టంలో చేసేది చాలా కొంచెం: ఎదురు కాల్పులు, గాయపడ్డవాడు పాకగలిగితే వాడే అడ్డు చాటుకు పాకడం, చెయ్యో కాలో చిమ్ముతుంటే యూనిఫారం మీదనే వీలైనంత పైన టార్నికెట్, అదీ చేతనైతే వాడే కట్టుకోవడం. తక్కినవన్నీ తర్వాత. స్నేహితుడు పడిపోగానే ఆలోచించకుండా పరుగెత్తి వెళ్ళడం మనవాళ్ళ రక్తంలో ఉంది. దాన్ని తప్పు పట్టను. కానీ వెళ్ళినవాడూ పడితే ఇద్దరిని మొయ్యాలి, కాల్చే తుపాకులు రెండు తగ్గుతాయి. ఈ ఒక్క విషయాన్ని క్లాసులో చెప్తే ఎక్కదు, మైదానంలో ఆడించు. పరుగెత్తి వెళ్ళిన ప్రతివాణ్ణీ "నువ్వూ పడ్డావు" అని పక్కన పడుకోబెట్టు. మూడు ఆటల్లో నేర్చుకుంటారు.

అడ్డు చాటుకు చేరాక వరస. ఇంగ్లీషులో దీనికి మార్చ్ అని గుర్తుమాట ఉంది, ఒక్కో అక్షరానికి ఒక్కో పని. నీకు కోర్సులో చెప్పే ఉంటారు. నేను మన కుర్రాళ్ళకు తెలుగులో నాలుగు మాటలే చెప్పేవాణ్ణి: నెత్తురు, గొంతు, రొమ్ము, చలి. ఆ మాట అంటూ చెయ్యి అక్కడికి పోవాలి. ఇంకా ముందు ఒక పని ఉంది, మతి చెదిరినవాడి చేతిలోంచి తుపాకీ, గ్రనేడు తీసెయ్యడం. ఇది మర్చిపోయేది ఉస్తాదులే.

నెత్తురు అంటే చేతులు కాళ్ళే కాదు. గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో టార్నికెట్ పట్టదు. అక్కడ గాజుగుడ్డను గాయంలోపలికి, నెత్తురు వచ్చే చోటు దాకా వేలితో కుక్కి, నిండాక ఒళ్ళు బరువు వేసి ఒత్తి పట్టాలి. రక్తం గడ్డకట్టించే మందు ఉన్న గుడ్డయితే కనీసం 3 నిమిషాలు, మామూలు గుడ్డయితే ఇంకా చాలాసేపు. మధ్యలో ఆగిందా అని ఎత్తి చూడకూడదు. అన్నం ఉడికిందా అని మూత తీసే చెయ్యి ఇక్కడ ఆపుకోవాలి. ఇది నేర్పడానికి నేను మటన్ కొట్టు నుంచి తొడముక్క తెచ్చి, ఎముక దాకా కత్తితో పొడిచి, సెలైన్ గొట్టం దూర్చి ఎర్రనీళ్ళు వదిలేవాణ్ణి. నీ ప్లటూన్‌లో మాంసం ముట్టనివాళ్ళుంటే పాత పరుపులోని ఫోమ్ దిమ్మకు బొక్క చేసి అదే గొట్టం పెట్టు, పని జరుగుతుంది.

గొంతు అంటే దవడ, మూతి పగిలినవాణ్ణి బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకపోవడం. వాడు ముందుకు వంగి కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి, నెత్తురు బయటికి కారుతుంది, ఊపిరి ఆడుతుంది. స్పృహ లేనివాణ్ణి పక్కకు తిప్పాలి. రొమ్ము అంటే మెడ నుంచి బొడ్డు దాకా ముందూ వెనకా చంకల్లోనూ చేత్తో తడిమి బొక్క వెతకడం, దొరికితే దానికని ఇచ్చే సీలు అంటించడం. ముందు బొక్క దొరికిందన్న సంతోషంలో వీపు చూడరు, అందరూ చేసే తప్పు అదే. సీలు వేశాక ఊపిరి ఇంకా కష్టమైతే ఒక అంచు ఎత్తి లోపలి గాలి పోనిచ్చి మళ్ళీ అంటించాలి. ఇక చలి. రాజస్థాన్ ఎండలోనైనా నెత్తురు పోయినవాడికి ఒళ్ళు చల్లబడుతుంది, చల్లబడితే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. పైన కప్పడం అందరికీ తోస్తుంది, కింద పరచడం తోచదు. నేలే ఎక్కువ వేడి లాగేస్తుంది.

ఇప్పుడు వదిలెయ్యాల్సినవి. రొమ్ములో సూది గుచ్చడం, సెలైన్ ఎక్కించడం, ఇంజెక్షన్లు మీ నర్సింగ్ అసిస్టెంట్‌కి వదిలెయ్. కుర్రాళ్ళు వాటినే అడుగుతారు, సినిమాల్లో చూశారు కాబట్టి. కత్తి కాల్చి తూటా బయటికి తీసే హీరోని కూడా చూశారు. గుచ్చుకున్నది ఏదైనా సరే దాన్ని లాగకూడదని ఒక్కసారి గట్టిగా చెప్పు. గుండె మీద నొక్కే పద్ధతి కూడా అడుగుతారు, చాలామంది కాలేజీలో నేర్చుకునే వస్తారు. కరెంటు షాక్, నీళ్ళలో మునగడం లాంటి వాటికి అది ప్రాణం పోస్తుంది, అక్కడ వాడమనే చెప్పు. కానీ తూటా, బాంబు దెబ్బకు గుండె ఆగిందంటే చాలాసార్లు లోపల తోడడానికి నెత్తురు మిగల్లేదని అర్థం. బోరులో నీళ్ళు లేనప్పుడు మోటారు ఎంతసేపు ఆడించి ఏం లాభం? ఆ అరగంట నొక్కే చేతుల కోసం పక్కన ఇంకొకడు చూస్తుంటాడు. ఈ మాట చెప్పడం కష్టం. క్లాసులో ఒక్కసారిగా నిశ్శబ్దం పడిపోతుంది. అయినా అక్కడే, టీ తాగే టైములోనే చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా పోయేవాళ్ళు పోతారు అన్న ముక్కా ఆ రోజే చెప్పు. ముందే వినకపోతే ఆ కుర్రాడు బతికున్నంతకాలం తన చేతులనే తిట్టుకుంటాడు. అట్లాంటి ఇద్దరిని నేనెరుగుదును. ఒకడు ఇప్పటికీ జాతర ఊరేగింపులో టపాకాయలు పేలితే ఇంట్లోకి వెళ్ళిపోతాడు.

తలలూపి మర్చిపోతున్నారన్నావు. గంటన్నర చెప్తే నేనైనా మర్చిపోతాను. రోజూ సాయంత్రం హాజరు తర్వాత పదిహేను నిమిషాలు చాలు. ముందు నువ్వు మాట్లాడకుండా నిజమైన వేగంతో ఒకసారి చేసి చూపించు. రెండోసారి నెమ్మదిగా, ఎందుకో చెప్తూ. మూడోసారి వాళ్ళు చెప్తుంటే నువ్వు చెయ్యి, తప్పు చెప్తే తప్పే చెయ్యి, నవ్వుతారు, ఆ నవ్వుతోనే గుర్తుంటుంది. నాలుగోసారి వాళ్ళు చెయ్యాలి. తర్వాత పదిసార్లు వాళ్ళే. చేతికి సబ్బునీళ్ళు పూసి, చీకట్లో, ఎడమచేత్తో, పడుకుని. నిమిషంలోపు తన టార్నికెట్ తాను కట్టుకోలేనివాణ్ణి పాసు చెయ్యకు.

అలిసిపోయినప్పుడు నేర్పడం మర్చిపోకు. నువ్వు ఎప్పుడైనా అలిపిరి నుంచి నడిచి కొండెక్కి ఉంటే మోకాళ్ళ పర్వతం దాటాక ఒకసారి జేబులోని చిల్లర లెక్కపెట్టి చూడు. రెండు రూపాయలకూ అయిదు రూపాయలకూ తేడా వేళ్ళకు తెలీదు. 3,550 మెట్లు గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కినవాడికే అట్లా ఉంటే, కార్గిల్‌లో 16 వేల అడుగుల మీద బరువు మోసుకుంటూ ఎక్కినవాడి వేళ్ళు ఎట్లా ఉండి ఉంటాయి! అందుకని వారంలో రెండుసార్లు పరుగు అయిన వెంటనే, ఊపిరి కుదుటపడకముందే కట్టించు.

కిట్ గురించి రెండు ముక్కలు. టార్నికెట్ రెండు చేతులకూ అందే చోట, రేపరు విప్పి, అందరికీ ఒకే జాగాలో ఉండాలి, చీకట్లో పక్కవాడి ఒంటి మీద వెతక్కుండా చెయ్యి నేరుగా పోవాలి. గాయపడ్డవాడికి వాడి కిట్‌లోనిదే వాడాలి. నీది తీస్తే తర్వాత నీకు ఉండదు.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అని నీ కమాండర్ సాబ్ అడిగితే ఈ సంగతి చెప్పు. అమెరికన్ సైన్యంలో 75వ రేంజర్ రెజిమెంట్ అని ఒకటుంది. వంటవాడితో సహా ప్రతి మనిషీ ఇవి నేర్చుకుని తీరాలని దాని కమాండర్లు పట్టుబట్టారు, షూటింగ్, పరుగుతో సమానంగా పెట్టారు. 2001 నుంచి 2010 వరకు యుద్ధాల్లో ఆ రెజిమెంట్‌కు 419 మంది గాయపడితే అందులో 32 మంది చనిపోయారు. ఆ 32 మందిలో, ఆసుపత్రికి చేరేలోపు సరైన చెయ్యి పడి ఉంటే బతికేవాడే అనదగ్గవాడు ఒక్కడూ లేడని వాళ్ళు తేల్చారు. కమాండర్ పూనుకుంటేనే అయింది అది, నర్సింగ్ అసిస్టెంట్ ఒక్కడి వల్ల కాలేదు. కాబట్టి ఆ పదిహేను నిమిషాలు టైంటేబుల్‌లో రాయించుకో, నోటిమాట మీద వదలకు.

చివరిది, రక్తం చూస్తే పడిపోయే కుర్రాడు. వాణ్ణి క్లాసు నుంచి తప్పించకు, అందరిముందు ఆట పట్టించకు. వాడు జాతరలో పొట్టేలు తెగడం చూసినవాడే అయ్యుంటాడు, ధైర్యం లేక కాదు. మిగతా భయాల్లో గుండె దడదడలాడి బీపీ పెరుగుతుంది. రక్తం భయంలో మాత్రం కొందరికి ముందు కాస్త పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది, మెదడుకు రక్తం చాలక కూలిపోతారు. దానికి మందు కండరాల్లోనే ఉంది. కళ్ళు మసకబారుతున్నాయి అనిపించగానే పిడికిళ్ళు, చేతులు, తొడలు, పొట్ట గట్టిగా బిగబట్టి ముఖం వేడెక్కేదాకా 10, 15 సెకన్లు ఉంచాలి. వదిలి అరనిమిషం ఆగి మళ్ళీ. అయిదుసార్లు. ఊపిరి బిగించకూడదు. ముందు రంగు గంజి చూస్తూ చేయించు, తర్వాత మటన్ ముక్క, తర్వాత యూనిట్ ఆసుపత్రిలో రక్తం తీసేటప్పుడు పక్కన నిలబెట్టు. ఒక్కో మెట్టుకు మూడు నాలుగు రోజులు పడుతుంది. రెండు వారాలయినా తగ్గకపోతే ఆర్‌ఎంవో సాబ్‌కి అప్పజెప్పు. ఈలోపు వాడికి పని ఉండాలి. గాయపడ్డవాడి తల దగ్గర కూర్చుని, పేరు పెట్టి పిలుస్తూ, ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్తూ ఉండే పని ఇవ్వు. గాయం కనపడదు, వాడి గొంతు మాత్రం అవతలివాడికి చాలా కావాలి.

సెలవు అయిపోయేలోపు చిత్తూరు బజార్లో రెండు ఫోమ్ దిమ్మలు, నాలుగు గజాల నాసిరకం గాజుగుడ్డ, మూడు సెలైన్ గొట్టాలు, మిఠాయిలకు వాడే ఎర్రరంగు పొట్లం కొనుక్కో. పాలక్యాను మీ అమ్మ ఇవ్వనంటే కొత్తది కొనిచ్చి పాతది పట్టుకెళ్ళు. మొదటి క్లాసు అయ్యాక 30 మందిలో తడి చేత్తో ప్యాకెట్ చించగలిగినవాళ్ళు ఎందరో నాకొక కార్డు ముక్క రాయి. మా పటాలంలో మొదటి రోజు పదకొండు మంది.